సముద్రానికి వేరే గడియారం

బయటి వరుసలో ఒక్క బుట్ట కూడా లేదు.

నెరిడా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా మళ్ళీ చూసింది. గుంజకీ గుంజకీ మధ్య నల్ల తాడు ఒక్కటే గాలికి ఊగుతోంది. శుక్రవారం దాకా ఆ తాడుకి అరవై బుట్టలు వేలాడుతుండేవి. బుట్ట నిండా ఆల్చిప్పలు, ఒక్కొక్కటి అరచేతంత. మలెట్ బే మొత్తంలో అంత పెద్దవి ఇంకెవరి దగ్గరా లేవు. వచ్చే శనివారం మధ్యాహ్నం ఇసుక మీద పొడుగాటి బల్లలు వేసి, ఎనభైమందిని కూర్చోబెట్టి వడ్డించాల్సినవి.

"పోయినయ్యా?" వెనకనుంచి థెల్మా గొంతు వినిపించింది.

థెల్మాకి డెబ్బై రెండేళ్ళు. ఈ ఆల్చిప్పల సాగు ఆమెది. నడుం దాకా రబ్బరు తొడుగు వేసుకుని, చేతికర్రతో ఇసుకని పొడుచుకుంటూ వస్తోంది. నెరిడా పక్కకి జరిగింది. థెల్మా తాడుని పట్టుకుని వేళ్ళతో తడిమింది.

"కోసెయ్యలేదు. క్లిప్పులు తీసి పట్టుకెళ్ళారు. తీరుబడిగా, ఒక్కొక్కటే."

"తుఫానుకి ఊడిపోయాయేమో బాస్," అన్నాడు డెస్. డెస్ నెరిడా మొగుడు. పడవని తాడుతో లాక్కుంటూ వచ్చాడు.

"నెల రోజులుగా ఏ తుఫానొచ్చింది, అబ్బీ?"

అప్పుడే వడ్డు నుంచి నైజెల్ వచ్చాడు. థెల్మా తమ్ముడి కొడుకు, ఏప్రిల్ నెలాఖరున పెర్త్ నుంచి దిగి లెక్కలూ కాగితాలూ చూస్తున్నాడు. ఈ ఐదు నెలల్లో వాడి కాళ్ళు తడవడం ఎవరూ చూడలేదు. ఇవాళ కూడా తెల్లబూట్లు చేత్తో పట్టుకుని, పాంటు మడుచుకుని, ఎండ్రకాయ ఎక్కడ కరుస్తుందో అన్నట్టు అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు.

"అత్తా, ఈ మాట చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచి కొట్టుకుంటున్నా," అన్నాడు. "నిన్న మధ్యాహ్నం రెండింటికి వడ్డు రోడ్డు మీద వెళ్తుంటే ఇక్కడ ఒక మనిషి కనిపించాడు. బుట్టలు పడవలోకి ఎక్కిస్తున్నాడు. నువ్వే చెప్పి చేయిస్తున్నావేమో అనుకున్నా."

"ఎవరు?"

నైజెల్ పేరు చెప్పలేదు. డెస్ వంక చూసి, తల దించుకున్నాడు.

నెరిడా తిరిగి డెస్ వైపు చూసింది.

*

రెండేళ్ళ క్రితం క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్‌లో డెస్ పనిచేసే వర్క్‌షాపు మూతపడినప్పుడు, ఇద్దరూ ఇల్లు ఖాళీ చేసి కారవాన్ కొనుక్కున్నారు. వాడికి ఇనుము తెలుసు, ఆమెకి వంట తెలుసు. ఈ రెండూ తెలిసినవాళ్ళకి ఈ దేశంలో ఎక్కడైనా పని దొరుకుతుంది. బోవెన్‌లో మామిడికాయలు కోశారు. కరుంబాలో రొయ్యల పడవల వాళ్ళకి ఆమె వండింది, వాడు ఇంజన్లు బాగుచేశాడు. బ్రూమ్‌లో హోటల్ వంటింట్లో నాలుగు నెలలు. మధ్యలో ఏ బీచి బాగుంటే అక్కడ పది రోజులు బండి ఆపుకుని, ఈదుతూ, చేపలు పడుతూ, ఒకే పెనంలో వండుకుని అదే పెనంలో తింటూ బతికేశారు. ఆమెకి నలభై ఒకటి, వాడికి నలభై నాలుగు. చూసినవాళ్ళు కొత్తగా పెళ్ళైన జంట అనుకునేవాళ్ళు.

కానీ కరుంబాలో ఒకటి జరిగింది. ఎవరిదో పడవ మోటారు పోయింది. ఎవరూ వీళ్ళని ఏమీ అనలేదు. అడగను కూడా అడగలేదు. దుకాణంలో మాట్లాడేవాళ్ళు వీళ్ళు రాగానే ఆపేసేవాళ్ళు, అంతే. రెండు వారాలు చూసి బండి కట్టేశారు. మోటారు ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. ఆ ఊళ్ళో మాత్రం తెలిసినట్టే లెక్క.

మలెట్ బేకి ఆగస్టు చివర్లో ఆరు వారాల పని కోసం వచ్చారు. మొదటి వారమే నెరిడా షెడ్డు బయట మంట వేసి, ఆల్చిప్పలు తెరిచి, బోవెన్ నుంచి తెచ్చుకున్న పచ్చిమామిడి ఊరగాయ చిటికెడు వేసి థెల్మాకి ఇచ్చింది. థెల్మా ఒకటి తిన్నది. రెండోది తిన్నది. పన్నెండోది తిన్నాక చిప్ప నేలకేసి కొట్టి, "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే పిల్లా?" అంది.

వడ్డు మీద పాత షెడ్డు ఉంది, థెల్మా మొగుడు ఆర్చీ కట్టినది. దాన్ని హోటల్‌గా మార్చి నడుపుకోమంది. శనివారం విందు బాగా జరిగితే తాళం చెవి చేతిలో పెడతానంది. నెరిడా వారం నుంచి నిద్రలో కూడా ఆ విందు వండుతోంది. ముందు బోవెన్ మామిడితో ఆల్చిప్పలు, తర్వాత కరుంబా పద్ధతిలో వెన్న రొయ్యలు, బ్రూమ్ మిరప చేప, చివర్లో బండబర్గ్ అల్లం కేకు. రెండేళ్ళ ప్రయాణమంతా నాలుగు పళ్ళేల్లో. ఇక ఆపైన బండికి చక్రాలు ఉండనక్కర్లేదు.

ఇప్పుడు మొదటి పళ్ళెం మాయమైంది. దాంతో పాటు డెస్ పేరూ పోయేట్టుంది.

*

నాలుగున్నరకి కాన్‌స్టేబుల్ ట్రూడీ షెడ్డుకి వచ్చింది. ఊరికి ఉన్న ఒకే ఒక్క పోలీసు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు ఈ వడ్డునే థెల్మా దగ్గర ఈత నేర్చుకున్న పిల్ల. టోపీ తీసి బల్ల మీద పెట్టి, పుస్తకం తెరిచింది.

"ముందు నువ్వు చెప్పు నైజెల్. చూసింది చూసినట్టు."

నైజెల్ గొంతు సవరించుకున్నాడు. "నిన్న ఆదివారం. సరిగ్గా రెండు. నీళ్ళు పూర్తిగా దిగిపోయి ఉన్నాయి, బయటి వరుస దాకా ఇసుక తేలింది. డెస్ ఆ ఇసుక మీద నిలబడి, బుట్టలు తీసి పడవలో పెడుతున్నాడు. పొడి ఇసుక మీదే. నేను కారు ఆపి మరీ చూశాను."

"టైము ఎలా అంత గట్టిగా చెప్తున్నావ్?"

"కారులో వార్తలు మొదలయ్యాయి. రెండు గంటల వార్తలు."

ట్రూడీ రాసుకుంది. "డెస్?"

"రెండింటికి నేను పడవలోనే ఉన్నా, నిజమే," అన్నాడు డెస్. "కానీ లోపలి వరుసల్లో. వడ్డు పక్కన. గుంజలు వదులయ్యాయి, బిగించమని బాస్ చెప్పింది. బయటి వరుస వైపు వెళ్ళనే లేదు."

"వేరే ఎవరైనా చూశారా?"

"నా పెళ్ళాం వచ్చింది. పేస్ట్రీలు పట్టుకుని."

"పెళ్ళాం," అన్నాడు నైజెల్ మెల్లగా, నవ్వుతూ. అంతే అన్నాడు.

"ఆ నవ్వేంటి?" డెస్ లేచాడు.

"కూర్చో అబ్బీ," అంది థెల్మా. ఆమె ఇందాకటి నుంచి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బయటికే చూస్తోంది. ఎవరి వంకా చూడటంలేదు. నెరిడాకి అదే ఎక్కువ భయమేసింది. తిట్టినా బాగుండేది.

"నేనేమీ అనట్లేదు ట్రూడీ," అన్నాడు నైజెల్. "ఊరు తిరిగేవాళ్ళు. ఇవాళ ఉంటారు, రేపు ఉండరు. మన దగ్గర సాక్ష్యం లేకపోతే వదిలెయ్యి. ఆ విందు మాత్రం ఆపేద్దాం అత్తా. ఆల్చిప్పల విందులో ఆల్చిప్పలు లేకపోతే నలుగురూ నవ్వుతారు. ఈ షెడ్డు గొడవ కూడా తర్వాత చూసుకోవచ్చు. ఎలాగూ అడిలైడ్ వాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు."

అడిలైడ్ వాళ్ళంటే, ఈ వడ్డు మీద సెలవుల కాటేజీలు కడతామని జూన్‌లో వచ్చినవాళ్ళు. నైజెలే తీసుకొచ్చాడు. థెల్మా వాళ్ళకి టీ ఇచ్చి పంపేసింది.

నెరిడా గోడకి ఆనుకుని నిలబడింది. మాట్లాడాలని ఉంది, కానీ నిన్న ఏం జరిగిందో చెబితే అందరూ నవ్వుతారు. పైగా చెప్పినా పెళ్ళాం మాటే కదా. ఎటు చూడాలో తెలియక ఎదురు గోడ వైపు చూసింది.

ఎదురు గోడ మీద రెండు గడియారాలు ఉన్నాయి.

మొదటిరోజు నుంచీ ఉన్నాయి. రెండూ ఒకేలాంటి గుండ్రటి తెల్ల గడియారాలు. ఒకదాని కింద ఆర్చీ నీలం రంగుతో 'మనది' అని రాశాడు. రెండోదాని కింద 'దానిది'. వచ్చిన ఆరు వారాలూ రెండూ ఒకే టైము చూపించాయి. ఒకసారి డెస్ అడిగితే థెల్మా నవ్వి, "అక్టోబరు రానీ, నీకే తెలుస్తుంది" అంది. ముసలాయన సరదా కాబోలనుకుని వాళ్ళు వదిలేశారు.

ఇప్పుడు 'మనది' ఐదు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

'దానిది' నాలుగు కావడానికి పది నిమిషాలు.

నెరిడా గోడ వదిలి ముందుకి వచ్చింది.

"థెల్మా గారూ," అంది. "ఆ రెండో గడియారం ఎవరిది? 'దానిది' అంటే?"

థెల్మా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "సముద్రానిది. మనం అక్టోబరులో ఎండాకాలం రాగానే గడియారం గంట ముందుకి తిప్పుకుంటాం. సముద్రం తిప్పుకోదుగా. ఆటుపోట్ల పట్టిక కూడా తిప్పుకోదు, ఏడాదంతా పాత టైములోనే అచ్చేస్తారు. రోజూ ఒక గంట కలుపుకోవడం ఆర్చీకి విసుగు. అందుకని దానికో గడియారం పెట్టి, దాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దన్నాడు." ఆగింది. "ఎందుకడిగావ్?"

"ఈ ఏడాది గడియారం ఎప్పుడు తిప్పారు?"

"నిన్ననే. ఆదివారం పొద్దున."

"అయితే నేనొకటి చెప్తా. నవ్వకండి."

"చెప్పు," అంది ట్రూడీ.

"నిన్న నేను బయటి ఇసుక దిబ్బ దాకా నడిచెళ్ళి గవ్వలు ఏరుకుందామనుకున్నా, రాత్రి కూరకి. పట్టికలో చూశా. పూర్తి పాటు, అంటే నీళ్ళు పూర్తిగా దిగే టైము, రెండు గంటలకి అని ఉంది. ఫోనులో రెండయ్యేసరికి డెస్‌కి పేస్ట్రీలు ఇచ్చేసి, బకెట్టు పట్టుకుని బయల్దేరా. దిబ్బ ఎక్కడుంది? నడుం దాకా నీళ్ళు! ఇంకో నాలుగడుగులు వేస్తే మెడ దాకా వచ్చాయి. గౌను తడిసి, బకెట్టు కొట్టుకుపోయి... డెస్ పడవలో పడి పడి నవ్వాడు. పట్టిక తప్పు అచ్చేశారు అనుకున్నా. బయటి వరుసలో గుంజల తలలు తప్ప ఏమీ కనపడలేదు. అరగంట వణుకుతూ నిలబడి ఇంటికెళ్ళిపోయాం. సాయంత్రం కారవాన్‌లో గోడ గడియారం చూశాక గాని అర్థం కాలేదు, ఇక్కడ టైము మారిందని. ఫోను దానంతటదే మార్చుకుంది."

"క్వీన్స్‌లాండ్ వాళ్ళు!" ట్రూడీ పెదవి కొరుక్కుంది. "ఎండ గంట ఎక్కువై కర్టెన్లు వెలిసిపోతాయని గడియారమే తిప్పని జనం!"

"అందుకే ఎవరికీ చెప్పలేదు," అంది నెరిడా. "మా ఊళ్ళో మార్చరు. నాకు తెలియదు. పెర్త్‌లో కూడా మార్చరట కదా?"

బయట కొంగొకటి అరిచింది.

థెల్మా లేచింది. చేతికర్ర వదిలేసి, గోడ దగ్గరకి నడిచి, గడియారాల పక్కన మేకుకి వేలాడుతున్న పట్టిక అందుకుంది. ఆదివారం గడి మీద వేలు పెట్టింది.

"పట్టికలో రెండు," అంది. "అంటే మన గడియారంలో మూడు. మన రెండింటికి నీళ్ళు పూర్తిగా దిగడానికి ఇంకా గంట ఉంది. బయటి వరుస మీద మనిషి లోతు ఉంటుంది." నైజెల్ వైపు తిరిగింది. "పొడి ఇసుక అన్నావు."

నైజెల్ చేతిలో బూట్లు ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. "అయితే టైము నేనే పొరబడ్డానేమో అత్తా. మూడైందేమో."

"వార్తలన్నావు," అంది ట్రూడీ.

"మూడు గంటల వార్తలే అయ్యుండచ్చు. గంట అటూ ఇటూ అయితే ఏం? మనిషి మాత్రం డెస్సే. మూడింటికి అక్కడే ఉన్నాడు."

"మూడింటికా?" ట్రూడీ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "మూడింటికి డెస్ కారవాన్ పార్కులో పొయ్యి దగ్గర చేపలు కాలుస్తున్నాడు. పదిహేనుమందిమి చుట్టూ ఉన్నాం. నేనే నాలుగు తిన్నా."

"ఐదు," అన్నాడు డెస్.

"నాలుగు. ఐదోది కుక్కకి పెట్టా."

నెరిడాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డెస్ చెయ్యి అందుకుంది. రెండింటికి డెస్ అక్కడ లేడు. మూడింటికీ లేడు. అంటే చూశానన్నవాడు ఏమీ చూడలేదు. థెల్మా పనులు రాసిపెట్టే షెడ్డు డైరీలో 'ఆదివారం, పడవ, డెస్' అని చదివాడు. పట్టికలో 'పాటు, రెండు గంటలు' అని చదివాడు. రెండూ కలిపి ఒక కథ అల్లాడు. ఆ కథలో సముద్రం ఒక్కటే వాడి మాట వినలేదు.

కానీ అబద్ధం చెప్పినంత మాత్రాన దొంగ అయిపోడు. బుట్టలు ఇంకా లేవు.

*

థెల్మా పట్టికని మళ్ళీ మేకుకి తగిలించింది. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"అమ్ముకునేవాడైతే ఇన్ని తియ్యడు. ప్రతి సంచికీ మన నంబరు చీటీ ఉండాలి. చీటీ లేని సరుకు ఈ తీరం మొత్తంలో ఎవడూ ముట్టుకోడు. చీటీల పుస్తకం నా దిండు కింద ఉంది. అంటే తీసినవాడికి ఆల్చిప్పలు అక్కర్లేదు. అవి శనివారం ఇక్కడ ఉండకూడదు, అంతే కావాలి."

"మరి ఎక్కడ పెట్టుంటాడు?" అంది ట్రూడీ.

"నీళ్ళలోనే పెట్టాలి. గట్టున పెడితే రెండ్రోజుల్లో వాసనొస్తుంది, ఊరంతా తెలుస్తుంది. తాళ్ళూ గుంజలూ ఉన్నచోట పెట్టాలి." థెల్మా గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది. "మొన్న శనివారం నేను దంతాల డాక్టరు దగ్గరకి వెళ్ళా. వీళ్ళిద్దరూ విందు సామాన్లకి టౌనుకెళ్ళారు. ఆ రోజు పాటు ఒంటిగంటంపావుకి. అప్పటికి గడియారాలు రెండూ ఒకటే. తీసింది అప్పుడే."

ఆమె గోడకున్న ట్రక్కు తాళం చెవి తీసుకుంది.

"పదండి. అందరూ. నువ్వు కూడా నైజెల్."

"నేనెందుకు అత్తా? నాకు ఫోన్లు..."

"పద."

డెస్ బండి నడిపాడు. వడ్డు వెనక, ఉప్పు పొదల మధ్య, చక్రాల జాడలు పడ్డ దారి ఒకటి ఉంది. నెరిడా ఆ దారిలో ఎప్పుడూ రాలేదు. పది నిమిషాలు గతుకుల్లో ఎగిరాక మడచెట్ల మధ్య సన్నటి కాలవ కనిపించింది. మధ్యలో వంకర పోయిన పాత గుంజలు, రెండు వరుసలు.

"ఆర్చీ మొదలుపెట్టింది ఇక్కడే," అంది థెల్మా. "మా పెళ్ళైన ఏడాది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ వాడటంలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మర్చిపోయారు."

డెస్ బూట్లతోనే దిగాడు. మడచెట్ల వేళ్ళ మీంచి అడుగులు వేసుకుంటూ వెళ్ళి, వంగి, మొదటి గుంజ దగ్గర నీళ్ళలో చెయ్యి పెట్టాడు. చెయ్యి పైకి వచ్చింది. చేతిలో బుట్ట.

"బాస్!" అరిచాడు. "ఇక్కడున్నాయి! అన్నీ ఇక్కడే ఉన్నాయి!"

నెరిడా గౌను సంగతి మర్చిపోయి దిగిపోయింది. బుట్ట మూత తెరిచి రెండు ఆల్చిప్పలు తీసి ఒకదానితో ఒకటి తట్టింది. గట్టిగా, రాయి మీద రాయి మోగినట్టు మోగాయి. చచ్చినదైతే డొల్లగా మోగుతుంది. జేబులో ఎప్పుడూ ఉండే పొట్టి కత్తితో ఒకటి తెరిచింది. లోపల నిండుగా, తళతళ మెరుస్తోంది. సగం తాను తిని సగం డెస్ నోట్లో పెట్టింది.

"ఎలా ఉంది?"

"ఉప్పెక్కువ," అన్నాడు డెస్. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. "నీ మామిడికాయ పడాలి."

"బతికే ఉన్నాయి," నెరిడా వడ్డు వైపు అరిచింది. "రేపు పాటుకి వెనక్కి కట్టేసుకోవచ్చు. శనివారానికి ఏ ఢోకా లేదు!"



వడ్డున థెల్మా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. నైజెల్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. తెల్లబూట్లు ఇప్పుడు బురదలో ఉన్నాయి, వాడు గమనించినట్టు లేదు.

"దొరికాయి కదా అత్తా. ఇక వదిలెయ్యి. ఎవరో ఆకతాయి పని. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ. నాన్న పోతూ నన్ను నీ చేతిలో పెట్టాడు. మనకి మనం తప్ప ఇంకెవరున్నారు?"

ట్రూడీ కొంచెం దూరంగా నిలబడి, పుస్తకం తెరిచి, మళ్ళీ మూసింది. "థెల్మా, సరుకు దొరికింది. మీరు సరేనంటే 'తీసినవారు ఎవరో తెలియదు' అని రాసి మూసేస్తా. మీ ఇష్టం."

నెరిడా నీళ్ళలోంచి పైకి వచ్చింది. గౌను అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరో తెలియదు. కరుంబాలో కూడా అలాగే రాశారు. ఎవరో తెలియదు అంటే బయటివాళ్ళే అని ఊరికి ఊరంతా చదువుకుంటుంది. ఇవాళ ట్రూడీకి తెలుసు, థెల్మాకి తెలుసు. ఏడాది తర్వాత దుకాణంలో నిలబడి రొట్టె కొనుక్కుంటుంటే, వెనక మాటలు ఆగిపోతే, అప్పుడు ఎవరొచ్చి చెబుతారు?

ఆ పేరు తానే చెప్పొచ్చు. నాలుక చివరనే ఉంది. కానీ అది తాను చెబితే పనికిరాదు.

"థెల్మా గారూ," అంది. "మీరెలా అంటే అలా. మిమ్మల్ని ఏమీ అనుకోం. శనివారం విందు వండే వెళ్తా, ఎనభైమందికీ. మాటిచ్చా కదా. కానీ కాగితంలో 'ఎవరో తెలియదు' అని ఉంటే, ఆదివారం పొద్దున బండి కట్టేస్తాం. ఒకసారి అలాంటి ఊళ్ళో ఉన్నాం. మళ్ళీ ఉండలేం."

డెస్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తల ఊపాడు.

"చూశావా అత్తా?" నైజెల్ గబగబా అన్నాడు. "నేను చెప్పలా? ఇవాళ ఉంటారు, రేపు ఉండరు..."

"ఊరుకో," అంది థెల్మా.

కాలవలోకి పోటు మొదలైంది. మడచెట్ల వేళ్ళ మధ్య నీళ్ళు చప్పుడు లేకుండా పైకి వస్తున్నాయి. ఆమె ఆ నీళ్ళని చూస్తూ మాట్లాడింది.

"ఈ చోటు నాకు తెలుసు. ఆర్చీకి తెలుసు, ఆర్చీ లేడు. మే నెలలో ఇంకొకరికి చూపించా. పెద్దాయన ఎక్కడ మొదలుపెట్టాడో చూడాలనుంది అన్నాడు. ఎంత మురిసిపోయానో తెలుసా ట్రూడీ? నా తర్వాత దీన్ని చూసుకునేవాడు దొరికాడని, ఆ రాత్రి ఆర్చీ ఫొటోకి చెప్పుకున్నా కూడా."

"అత్తా..."

"నువ్వు వచ్చి ఐదు నెలలు దాటింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ రెండో గడియారం ఎందుకని అడిగావా? ఈ పిల్ల అడిగింది. మెడ దాకా మునిగాక అడిగింది అనుకో, అయినా అడిగింది."

థెల్మా రబ్బరు తొడుగు లోపలి జేబులో చెయ్యి పెట్టి, తుప్పు పట్టిన పెద్ద తాళం చెవి బయటికి తీసింది. దానికి నీలం రంగు పూసిన చెక్కముక్క కట్టి ఉంది. పక్కన నిలబడ్డ నెరిడా చెయ్యి లాక్కుని, తడి అరచేతిలో దాన్ని పెట్టి, వేళ్ళు మూసింది.

"విందయ్యాక ఇద్దామనుకున్నా. ఇప్పుడే ఉంచు. పొయ్యి గొట్టం పొగ తంతుంది, నీ మొగుడితో బాగు చేయించు."

నెరిడా పిడికిలి విప్పలేదు. విప్పితే ఎక్కడ జారిపోతుందో అనిపించింది.

థెల్మా కర్ర మీద బరువు మోపి లేచింది. ట్రూడీ పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఎవరో తెలియదు అని రాయకు," అంది థెల్మా. "తెలుసు."

"పేరు మీ నోటితో చెప్పాలి థెల్మా."

ముసలావిడ ఒకసారి నీళ్ళ వంక చూసింది, తర్వాత బురదలో కూర్చున్నవాడి మొహంలోకి నేరుగా చూసింది.

"నైజెల్. నైజెల్ బ్యూమాంట్. నా తమ్ముడి కొడుకు."